పులుసు ఉంది, పట్టా లేదు

జంషెడ్‌పూర్ శివారు బిర్సానగర్‌లో ఓ తెలుగు కుటుంబం ఇంటి వసారాలో నడిపే చేపల హోటల్ ఇది. బోర్డు లేదు, మెనూ లేదు. కుండ ఖాళీ అయితే ఆ పూటకి హోటల్ కూడా లేదు.

ఈ హోటల్‌ను పేరుతో వెతికితే దొరకదు. దానికి పేరు లేదు. బిర్సానగర్‌లో ఆటో ఎక్కి "ఆంధ్రా మౌసీ ఇంటికి" అంటే చాలు, డ్రైవర్ మరో ప్రశ్న వేయడు. వేసినా ఒక్కటే: "ఈ వేళకి ఇంకా చేప మిగిలి ఉంటుందంటారా?"

టెల్కో కాలనీలో చెట్ల నీడన సాగిన రోడ్డు బస్తీలోకి రాగానే ఇరుకవుతుంది. ఇక్కడ వీధులకు పేర్లు తక్కువ, జోన్ నంబర్లే ఎక్కువ. డాబా ఇళ్ల మధ్య రేకుల ఇళ్లు, రేకుల ఇళ్ల మధ్య పెంకుటిళ్లు. వీధులు అయిపోయే చోట కూరగాయల మడులు మొదలవుతాయి. ఆ వైపునే సువర్ణరేఖ నది. ఉత్తరాన దల్మా కొండలు నీలంగా కనిపిస్తాయి. ఇటు ఊరూ కాదు, అటు పల్లే కాదు అనిపించే ఆ అంచున ఓ వేపచెట్టు కింద నాలుగు సైకిళ్లు, రెండు మోటార్ సైకిళ్లు ఆగి ఉంటే చేరుకున్నట్టే. ఆవనూనెలో చేప వేగుతున్న ఘాటు, దాని వెనకే చింతపండు పులుసు మరుగుతున్న వాసన. ఈ రెండూ ఒకే పొయ్యి నుంచి రావడం కోస్తాలోనూ అరుదు, బెంగాల్‌లోనూ అరుదు.

వసారాలో రెండు బల్లలు, నాలుగు రకాల కుర్చీలు. అవి నిండితే నులక మంచం. అదీ నిండితే అరుగు. విస్తరి మీరే తెచ్చుకోవాలి. గుగ్గిలం చెట్టు ఆకులతో కుట్టిన విస్తళ్లు మూలన దొంతరగా ఉంటాయి. వాటిని పొరుగునున్న సంథాల్ కుటుంబం కుట్టి ఇస్తుంది. ఏ చేప ఉందని అడగకూడదు. ఆ రోజు ఏది వస్తే అదే. నీళ్ల బిందె, గ్లాసులు పక్కనే. తిన్నాక విస్తరి మడిచి ఎక్కడ వేయాలో వంటింట్లోంచి ఓ గొంతు చెబుతుంది.

ఆ గొంతు మౌసీది. హిందీవాళ్లకు మౌసీ, బెంగాలీలకు మాషీ, తెలుగువాళ్లకు పిన్ని. వయసు 60 దాటింది. "కూకోండి బాబూ, అన్నం వార్చేస్తన్నాను" అని శ్రీకాకుళం యాసలో అంటూనే, అరుగు మీదివాళ్లతో హిందీలోనూ, కోడలితో సగం తెలుగు సగం బెంగాలీలోనూ మాట్లాడతారు. కోడలు బెంగాలీ అమ్మాయి. తెలుగులో నేర్చుకున్న తొలి మాట "అత్తమ్మా", రెండోది "ఉప్పు". పెళ్లయిన కొత్తలో పులుసులో ఆవముద్ద వేయాలని ఆమె, చింతపండే ఉండాలని అత్త పట్టుబట్టారట. పంచాయితీ తేలక రెండు కుండలు పెట్టారు. ఇప్పుడు ఎవరి కుండ ముందు ఖాళీ అయిందనేది రోజూ జరిగే పోటీ. మేం వెళ్లిన రోజు కోడలే గెలిచారు. "ఇవాళ బెంగాలీలు ఎక్కువొచ్చినారు, అంతే" అని మౌసీ తీర్పు.

గోడ మీద బాకీలు

ఈ హోటల్లో అందరి కళ్లూ పడేది గోడ మీద. అక్కడ సుద్దముక్కతో రాసిన అప్పుల లెక్క ఉంటుంది, అదీ తెలుగులో. మౌసీకి వచ్చిన రాత అదొక్కటే. చిన్నప్పుడు ఊళ్లో నేర్చుకున్న నాలుగైదు తరగతుల చదువు అది. ఎవరి బాకీ ఎంతో బాకీదారుకి తప్ప పక్కవాడికి తెలియదు. చాలాసార్లు బాకీదారుకీ తెలియదు. తెలుగువాళ్లు మాత్రం చదివేస్తారు. "అందుకే మనోళ్లకి అప్పు లేదు" అని నవ్వుతారు ఆమె.

నవ్వు వెనక చిక్కు ఒకటుంది. హిందీ, ఇంగ్లీషు చదువులు చదివిన మనవడికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. నానమ్మ జ్వరంతో పడుకున్న రోజు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆ కుర్రాడు, ఎవరు ఎంత చెబితే అంత తీసుకున్నాడట. తర్వాత చూస్తే లెక్క దాదాపు సరిపోయింది. షిఫ్టు దిగి వచ్చి తినే ఈ కార్మికుల నిజాయితీకి అంతకు మించిన సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా మౌసీ ఇప్పుడు రాత్రిళ్లు మనవడి చేత అఆలు దిద్దిస్తున్నారు. సాహిత్యం కోసం కాదు, బాకీల కోసం.

ఈ కుటుంబం ఇక్కడికి చేరడం ఊరి చరిత్రలో ఓ చిన్న పాయ. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడే నాటికి ఇది సాక్చి అనే పల్లె. 1912లో ఇక్కడ తొలి ఉక్కు తయారైంది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ దీనికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు, కాలీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. 1945లో టెల్కో వచ్చింది. మొదట రైలింజన్లు, 1954 నుంచి లారీలు. కొలిమికి మనుషులు కావాలి. కరవు కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలకు పని కావాలి. రైలు ఈ రెంటినీ కలిపింది. బిస్టుపూర్‌లోని ఆంధ్రా భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తు. పండగ రోజుల్లో అక్కడ నిలబడితే శ్రీకాకుళం సంతలో ఉన్నట్టే ఉంటుంది.

మౌసీ మామగారు 1950లలో వచ్చి టెల్కో చుట్టూ ఉన్న పనుల్లో చేరారు. పర్మినెంటు కాలేదు. పర్మినెంటు కాని వాడికి క్వార్టర్ రాదు. క్వార్టర్ రాని వాళ్లంతా చేరిన చోట్లలో బిర్సానగర్ ఒకటి. భర్త కాంట్రాక్టు పని మానేశాక ఇల్లు గడవడానికి మౌసీ పొయ్యి వసారాలోకి తెచ్చారు. మొదట నలుగురు కార్మికులకు క్యారేజీలు, తర్వాత నాలుగు విస్తళ్లు, ఇప్పుడు రోజుకి రెండు కుండలు. కొడుకు ఆటో నడుపుతాడు. తెల్లవారక ముందే ఆటోలో సాక్చి బజారుకి వెళ్లి చేపలు తెస్తాడు. చేప దించాకే ప్రయాణికులు.

మూడు చేపలు, మూడు కథలు

చేప ఎక్కడిదని అడిగితే మౌసీ మూడు మాటల్లో చెబుతారు: ఆంధ్రాది, డ్యాముది, ఏటిది. ఒక్కోటి ఒక్కో ప్రయాణం.

ఆంధ్రాది అంటే శీలావతి, బొచ్చె. కొల్లేరు చుట్టుపక్కల, భీమవరం, ఆకివీడు, కైకలూరుల చెరువుల్లో పెరిగి, ఐసు మధ్య పెట్టెల్లో సర్దుకుని లారీలెక్కి వచ్చే చేపలు. దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. కానీ ఆ చెరువుల చేపలో పెద్ద వాటా తినేది మనం కాదు. బెంగాల్, అసోం, బీహార్, జార్ఖండ్‌లు తింటాయి. జాతీయ రహదారి వెంట ఒడిశా అంతా దాటి, బహరాగోరా మీదుగా జంషెడ్‌పూర్ చేరేసరికి చేప వెయ్యి కిలోమీటర్ల దాకా తిరిగి ఉంటుంది. ఇక్కడి బెంగాలీలు దాన్ని కాస్త చిన్నచూపు చూస్తారు. వాళ్ల నాలుకకు స్థానికంగా పట్టిన చేపే చేప, ఐసు చేప అవసరానికి. 2018 జూలైలో ఫార్మలిన్ కలుస్తోందన్న ఆరోపణతో అసోం ప్రభుత్వం ఆంధ్రా చేపల రాకను పది రోజులు నిషేధించినప్పుడు ఆ అనుమానం ఇంకాస్త ముదిరింది. మౌసీ దగ్గర మాత్రం పరీక్ష ఒక్కటే. మొప్ప ఎత్తి చూడడం. ఎర్రగా లేకపోతే కొడుకైనా సరే, చేప తిరిగి బజారుకే.

డ్యాముది అంటే పంగాస్. మన దగ్గర జనం 'ఫంగస్' అని పిలిచి నవ్వుకునే చేపే. నడిమి ముల్లు తప్ప ముళ్లు పెద్దగా ఉండవు కాబట్టి చేప తినడం రానివాళ్లకి మౌసీ ఇదే వడ్డిస్తారు. ఇది చాందిల్ జలాశయం నుంచి వస్తుంది. జంషెడ్‌పూర్‌కి ఎగువన, రాంచీ వెళ్లే దారిలో, సువర్ణరేఖ మీద కట్టిన ఆనకట్ట అది. 1978లో బీహార్, పశ్చిమ బెంగాల్, ఒరిస్సాల మధ్య ఒప్పందం కుదిరిన సువర్ణరేఖ బహుళార్థసాధక ప్రాజెక్టులో భాగం. ఆ జలాశయం ప్రభావానికి గురైన గ్రామాలు 116 అని లెక్క. పొలాలు పోయినవాళ్లలో కొందరు ఇప్పుడు సహకార సంఘాలుగా ఏర్పడి, అదే నీళ్ల మీద తేలే వల పంజరాల్లో చేపలు పెంచుతున్నారు. ఒకప్పుడు వరి పండించిన చోటికి పైన, పడవలో వెళ్లి మేత చల్లుతున్నారు. నష్టపరిహారం కోసం, పునరావాసం కోసం వాళ్ల పోరాటం దశాబ్దాలుగా సాగుతూనే వచ్చింది. ఆ చేప ముక్క విస్తట్లో పడినప్పుడు రుచి గురించే మాట్లాడుకుంటాం. అది సహజమే. కానీ దాని కింద ఓ ఊరు ఉందని తెలిశాక ముద్ద కాస్త నెమ్మదిగా దిగుతుంది.

ఏటిది అంటే జెల్లలు, పరిగెలు. ఇక్కడి భాషలో టెంగరా, పోఠీ. వానలు పడ్డాక నది చేప వస్తుంది, అదీ వలవేసిన వాళ్ల అదృష్టాన్ని బట్టి. సువర్ణరేఖ పేరులో బంగారం ఉంది, ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరేవాళ్లూ ఈ నది ఒడ్డున ఉన్నారు. ఫ్యాక్టరీల ఊరు దాటుతూ ఆ నది మోసుకుపోయేది మాత్రం బంగారం ఒక్కటే కాదు. "మా అత్తగారి రోజుల్లో ఏటి చేప రోజూ ఉండేదట. ఇప్పుడు వారానికి ఓసారి వస్తే పండగే" అంటారు మౌసీ. వచ్చిన రోజు మాత్రం కోడలి ఆవముద్దకి స్థానం లేదు. పచ్చిమిర్చి, చింతపండు, పైన కాస్త మెంతిపొడి. దొన్నెలో పోసిన ఆ పులుసు తాగడానికే కొందరు వస్తారు.

ఇక అసలైన సముద్రం మాటేమిటి? అదీ ఉంది, డబ్బాలో. సోంపేట వైపున్న చుట్టాలు టాటానగర్ వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు మూట కట్టుకొస్తారు. రైల్లో ఆ మూట వాసనకి పక్క బెర్తు వాళ్లతో గొడవలు కూడా అయ్యాయట. వంకాయలో వేసి వండిన ఎండు రొయ్యలు విస్తరి అంచున స్పూనుడు పడతాయి. దానికి డబ్బు తీసుకోరు. అడిగితే రెండోసారి పెట్టరు.

పేరు బిర్సాది, నేల ఎవరిది?

బోర్డు ఎందుకు లేదన్నది కొత్తగా వచ్చిన ప్రతివారూ అడిగే ప్రశ్న. పట్నం నుంచి వచ్చే కుర్రకారు అదే ఈ హోటల్ అందం అనుకుంటారు. ఫొటోలు తీసుకుంటారు. మనవడిక్కూడా ఓ బోర్డు పెట్టాలని సరదా. పేరు కూడా అనుకున్నాడు. నానమ్మ ఒప్పుకోలేదు. "బోర్డు పెడితే అందరి కళ్లల్లో పడతాం బాబూ. అన్నం తినేవోళ్ల కళ్లల్లోనే కాదు" అన్నది ఆమె సమాధానం.

అక్కడే ఈ వింత హోటల్ వింత అంతా విడిపోతుంది. జంషెడ్‌పూర్‌లో నేల చాలా వరకు టాటాల లీజు కిందిది. కాలనీల వెలుపల పెరిగిన బస్తీలు 86 అని పార్టీలు లెక్క చెబుతాయి. బిర్సానగర్ అందులో ఒకటి. 2005లో లీజు పునరుద్ధరించినప్పుడు బస్తీల భూములను దాని నుంచి మినహాయించారు. అంటే కంపెనీది కాకుండా పోయింది. అలాగని ఉంటున్నవాళ్లదీ కాలేదు. 'మాలికానా హక్', అంటే యాజమాన్య హక్కు, ఇక్కడ ప్రతి ఎన్నికలో వినిపించే మాట. ఈ ప్రాంతం ఉన్న జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గానికి 1995 నుంచి వరసగా ఎమ్మెల్యేగా గెలిచిన రఘువర్ దాస్ 2014లో ముఖ్యమంత్రి అయ్యారు. 2018లో ఆయన ప్రభుత్వం 1985కి ముందు నుంచి ఉంటున్నవారికి లీజు ఇస్తామంది. లీజు వేరు, యాజమాన్యం వేరు అని బస్తీవాళ్లు పెదవి విరిచారు. 2019లో ముఖ్యమంత్రిగా ఉంటూనే ఆయన ఇక్కడ స్వతంత్ర అభ్యర్థి సరయూ రాయ్ చేతిలో ఓడిపోయారు. ఓటమికి కారణాలు అనేకం ఉండొచ్చు. బస్తీల్లో మాత్రం ఈ మాట వినకుండా ఏ చర్చా పూర్తి కాదు.

పట్టా లేకపోవడం అంటే ఏమిటో ఈ వసారాలో నిలబడి చూస్తే తెలుస్తుంది. గోడలు మూడడుగుల ఎత్తువరకే ఇటుక, పైన రేకు. కూలగొడితే నష్టం తక్కువ ఉండాలని. కుర్చీలు నాలుగు రకాలు, ఎందుకంటే ఒకేసారి డజను కొనే పెట్టుబడి లేదు. అప్పు అడిగితే తాకట్టుకి ఇంటి కాగితం కావాలన్నారు. ఫ్రిజ్ పెద్దది కొనలేదు, అందుకే ఏ రోజు చేప ఆ రోజే, కుండ ఖాళీ అయితే మూతే. చూసేవాళ్లకి ముచ్చటగా, కావాలని చేసినట్టు కనిపించే ప్రతి ఏర్పాటూ ఓ లేని కాగితానికి సర్దుబాటు. కరెంటు మీటరు ఉంది. ఓటరు కార్డులు ఉన్నాయి. ఆధార్ మీద ఈ చిరునామానే ఉంది. ప్రభుత్వానికి ఈ మనుషులు ఇక్కడున్నారని తెలుసు. ఈ ఇల్లు ఇక్కడుందని మాత్రం ఏ కాగితమూ చెప్పదు.

ఈ బస్తీకి ఎవరి పేరు పెట్టుకున్నారో గుర్తు చేసుకుంటే మరీ విచిత్రం. 1875 నవంబర్ 15న పుట్టి, 25 ఏళ్లు నిండకుండానే 1900 జూన్ 9న రాంచీ జైల్లో కన్నుమూసిన బిర్సా ముండా పోరాడింది నేల కోసమే. ఆయన నడిపిన ఉల్‌గులాన్ తర్వాతే, 1908లో ఆదివాసీల భూములు చేతులు మారకుండా ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. 2000లో జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడిన తేదీ కూడా ఆయన పుట్టిన రోజే. ఆయన పేరున్న బస్తీలో నేల హక్కు ఇంకా వాయిదాల్లోనే ఉంది. న్యాయంగా చూస్తే ఇందులో మరో చిక్కు కూడా ఉంది. ఫ్యాక్టరీ రాకముందు ఈ నేల మీద ఉన్నవాళ్లు సంథాల్, హో, భూమిజ్ పల్లెలవాళ్లు. మౌసీకి విస్తళ్లు కుట్టి ఇచ్చే పొరుగింటికి ఆ వరసలో ముందు హక్కుంది. ఈ మాట ఎత్తితే మౌసీ కాదనరు. "ఆళ్లకి ముందు ఇయ్యాలి. ఆ తరవాత మాకు. ఇచ్చేవోడు వస్తే వరసలో నిలబడతాం" అంటారు.

కొల్లేటి వాసులకు ఈ బాధ కొత్త కాదు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు అక్కడా ఇదే ప్రశ్న: నీళ్లు ఎవరివి, నేల ఎవరిది, ఎన్నేళ్లు బతికితే సొంతం అవుతుంది? సరస్సు బతకాలన్న వాదనకి బలం ఉంది. బతికేవాళ్ల వాదనకీ ఉంది. విచిత్రంగా ఆ చెరువుల ప్రాంతపు చేప, చాందిల్ మునక ఊళ్ల మీద పెరిగిన చేప, పట్టా లేని పొయ్యి మీద ఒకే కుండలో ఉడుకుతున్నాయి.

మధ్యాహ్నం రెండున్నరకల్లా రెండు కుండలూ బోర్లపడ్డాయి. ఆలస్యంగా వచ్చిన ఇద్దరు టెల్కో కార్మికులకు చేప లేదు. మౌసీ వాళ్లని పంపెయ్యలేదు. కుండ అడుగున మిగిలిన పులుసు అన్నంలో కలిపి, ఎండు రొయ్యల కూర ఇంకో స్పూను ఎక్కువ వేసి పెట్టారు. గోడ మీద సుద్దముక్కతో ఏమీ రాయలేదు. చేప లేని భోజనానికి లెక్క ఉండదట.

వెళ్లాలనుకునేవారికి: విజయనగరం మీదుగా వచ్చే ఎర్నాకుళం-టాటానగర్ ఎక్స్‌ప్రెస్ తెలుగువారికి అలవాటైన బండి. స్టేషన్ నుంచి టెల్కో మీదుగా బిర్సానగర్‌కి ఆటోలు దొరుకుతాయి. సమయం ఉంటే చాందిల్ జలాశయం, దల్మా అడవి, కొండ కింద డిమ్నా చెరువు చూడొచ్చు. ఖార్కాయి నది సువర్ణరేఖలో కలిసే దోముహాని సాయంత్రాలకు బాగుంటుంది. వానాకాలంలో చాందిల్ గేట్లెత్తితే నది ఒడ్డు బస్తీలకు ప్రమాదం కాబట్టి ఏటి దగ్గర జాగ్రత్త. భోజనం వంద రూపాయల లోపే. ఒంటిగంటకల్లా చేరుకోండి, చిల్లర దగ్గరుంచుకోండి. ఏ చేప అని మాత్రం అడగకండి.